ఆయా తిరుగు టికెట్ ఎవరిది?



ఆశ్రమ పాఠశాలల్లో పెరిగిన మనకి "ఆయా" అన్న మాట కొత్త కాదు. అంగన్‌వాడీలో పిల్లలకి అన్నం పెట్టేది ఆయా, ఆసుపత్రిలో దుప్పటి మార్చేది ఆయా. ఈ మాట తెలుగుది కాదు, కోయది కాదు, గోండిది కాదు. పోర్చుగీసు వాళ్ళు తెచ్చిన మాట. వాళ్ళ భాషలో పిల్లల్ని పెంచే ఆడమనిషి అని అర్థం. తర్వాత ఇంగ్లీషు దొరల ఇళ్ళలో చేరి, అక్కడి నుంచి మన ఊళ్ళదాకా వచ్చింది. ఆ మాట వెనక ఒక చరిత్ర ఉంది. అది చదవాల్సిన అవసరం మాకు ఎలా వచ్చిందో ముందు చెప్తాం.

మన సంఘంలో ఒక తమ్ముడు ఉన్నాడు. వాళ్ళ అక్క హైదరాబాద్‌లో ఒక ఇంట్లో చంటిబాబుని చూసుకుంటోంది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ ఇంటివాళ్ళు సెలవులకి దుబాయ్ వెళ్తూ, "బాబు నీ చేత్తో తప్ప అన్నం తినడు, నువ్వూ రావాలి" అన్నారు. అక్కకి పాస్‌పోర్ట్ లేదు. మేమే చేయిస్తాం, ఆ ఖర్చూ వీసా ఖర్చూ నీ జీతంలో నెలనెలా పట్టుకుంటాం అన్నారు. "పాస్‌పోర్ట్ పదేళ్ళు నీకే పనికొస్తుంది కదా, విమానం ఎక్కుతావు, ఊరు చూస్తావు" అని కూడా అన్నారు. అక్క తమ్ముడిని అడిగింది, తమ్ముడు మమ్మల్ని అడిగాడు.

నిజం చెప్పాలంటే మాకు వెంటనే జవాబు తట్టలేదు. చెరి సగం పెట్టుకుంటే సరిపోతుందేమో అన్నాం. తర్వాత కూర్చుని చదివితే, ఇది రెండు వందల ఏళ్ళకి పైబడిన తగాదా అని తెలిసింది.

ఈస్టిండియా కంపెనీ రోజుల నుంచే ఇక్కడి ఇంగ్లీషు కుటుంబాలు సొంత దేశానికి వెళ్ళేటప్పుడు ఆయాని వెంట తీసుకెళ్ళేవి. సూయజ్ కాలువ 1869లో తెరుచుకుంది. అంతకు ముందు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళే ఆ ప్రయాణం నెలల తరబడి సాగేది. ఓడ ఊగుతుంటే తల్లి వాంతులతో పడుకునేది, పిల్లల్ని ఎత్తుకుని తిరిగేది ఆయా. బొంబాయి, కలకత్తా, మద్రాసు రేవుల నుంచి ఇలా వెళ్ళినవాళ్ళలో కొందరు ఈ పనిలో ఆరితేరి చాలాసార్లు సముద్రం దాటారు. ఓడ ప్రయాణికుల జాబితాల్లో మాత్రం చాలామందికి పేరు లేదు. ఫలానా దొరసానిగారి ఆయా అని రాసి వదిలేశారు.

లండన్‌లో దిగాక అసలు కష్టం మొదలయ్యేది. ఇల్లు చేరాక కుటుంబానికి ఆయాతో పని తీరిపోయేది. కొందరు మాట నిలబెట్టుకుని తిరుగు టికెట్ కొనిచ్చేవాళ్ళు. కొందరు జీతం చేతిలో పెట్టి పొమ్మనేవాళ్ళు. ఇంకొందరు అదీ ఇచ్చేవాళ్ళు కాదు. 1908లో ఒక ఆయాని లండన్ కింగ్స్ క్రాస్ రైల్వే స్టేషన్‌లో చేతిలో ఒక్క పౌను పెట్టి వదిలేసి వెళ్ళారు. ఆ ఊళ్ళో ఆమెకి భాష రాదు, తెలిసినవాళ్ళు లేరు.

ఇలా జరుగుతుందని కంపెనీకి ముందే తెలుసు. అందుకే ఒక దశలో ఇక్కడి నుంచి సేవకులని తీసుకెళ్ళేవాళ్ళు వాళ్ళ తిరుగు ప్రయాణానికి పూచీగా డబ్బు జమ చేయాలని నియమం పెట్టింది. సేవకుల మీద జాలి ఒక్కటే కారణం కాదు. లండన్ వీధుల్లో దిక్కులేకుండా మిగిలినవాళ్ళ ఖర్చు తన నెత్తిన పడకూడదన్నది కంపెనీ లెక్క. ఏ లెక్కతో పెట్టినా, తీసుకెళ్ళినవాడే తిరిగి పంపాలన్న న్యాయం అందులో ఉంది. తర్వాత ఆ కట్టుబాటు సడలిపోయింది. 20వ శతాబ్దం మొదట్లో లండన్‌లోని ఇండియా ఆఫీసు, వదిలేసిన ఆయాల బాధ్యత తమది కాదన్నట్టే ఉండేది. యజమాని తిరుగు టికెట్ ఇచ్చి తీరాలని గట్టిగా చెప్పే చట్టమూ లేదు.

ఈ ఆడవాళ్ళ కోసం లండన్‌లో ఆయాల హోమ్ అని ఒక ఇల్లు నడిచింది. మొదట ఆల్డ్‌గేట్ దగ్గర ఉండేది. 1900లో దాన్ని లండన్ సిటీ మిషన్ అనే క్రైస్తవ సంస్థ చేతిలోకి తీసుకుని తూర్పు లండన్‌లోని హ్యాక్నీకి మార్చింది. ఆ ఇల్లు నడిచిన పద్ధతి మనం బాగా అర్థం చేసుకోవాలి. ఆయాని తెచ్చిన కుటుంబం తిరుగు టికెట్ ఇస్తే, దాన్ని హోమ్ నడిపే మేట్రన్ తీసుకునేది. ఇండియాకి వెళ్తూ ఆయా కావాలనుకునే ఇంకో కుటుంబానికి ఆ టికెట్ అమ్మేది. వచ్చిన డబ్బుతో ఆయాకి అన్నాళ్ళూ తిండీ బసా నడిచేవి. కుటుంబాలు ఎక్కువగా వసంతంలో వచ్చి, మళ్ళీ ఓడలు ఇండియా వైపు నిండేది చలికాలం ముందు కాబట్టి నెలల తరబడి ఎదురుచూపు తప్పేది కాదు.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. టికెట్ ఆమె పేరు చెప్పి కొన్నదే. కానీ అది ఆమె చేతికి రాలేదు. ఇంటికి వెళ్ళే దారిలో కూడా ఇంకొకరి బిడ్డని ఎత్తుకుని పని చేస్తూనే వెళ్ళింది. అంటే తిరుగు ప్రయాణం మళ్ళీ తన కష్టంతోనే కొనుక్కుంది. హోమ్ లేకపోతే వాళ్ళ గతి ఇంకా ఘోరంగా ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా టికెట్ ఎవరి చేతిలో ఉంటే ప్రయాణం వాళ్ళ చెప్పుచేతల్లో ఉంటుందన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఇక కాగితాల సంగతి. ఆ పాత ఆయాలకి పాస్‌పోర్ట్ బెడద లేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లోనే పాస్‌పోర్ట్ తప్పనిసరి అయింది. 1920లో ఇండియాలో దానికి చట్టం వచ్చింది. అదే యుద్ధంలో ఆడవాళ్ళ ఓడ ప్రయాణాలకి అడ్డంకులు వచ్చి చాలామంది ఆయాలు లండన్‌లోనే చిక్కుకుపోయారు. అప్పటినుంచి టికెట్‌తో పాటు కాగితం ఎవరు చేయిస్తారు, ఎవరి దగ్గర ఉంటుంది అన్న తగాదా కూడా చేరింది.

దీనికి కొన్ని చోట్ల రాతపూర్వకంగా జవాబు ఉంది. హాంకాంగ్‌లో బయటి దేశాల నుంచి వచ్చే ఇంటిపని వాళ్ళకి ప్రభుత్వమే ఒక ఒప్పంద పత్రం పెట్టింది. వీసా ఫీజు, వైద్య పరీక్ష, ఇన్సూరెన్స్, కాన్సులేట్ ముద్ర ఖర్చు, రానుపోను ప్రయాణం అన్నీ యజమానివే. సింగపూర్‌లో మలేషియా వాళ్ళని మినహాయించి, ఇతర దేశాల పనిమనిషిని పెట్టుకునే యజమాని 5,000 సింగపూర్ డాలర్ల పూచీ కట్టాలి. కంపెనీ కాలం నాటి పూచీ గుర్తొచ్చిందా? 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని వాళ్ళ కోసం 189వ ఒప్పందం చేసింది. ప్రయాణ పత్రాలు, గుర్తింపు కాగితాలు పనిచేసే మనిషి దగ్గరే ఉండాలని అందులో ఉంది. మన దేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు.

మన దేశంలో పదో తరగతి పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్ట్ మామూలుగా ఈసీఆర్ కిందకి వస్తుంది. 1983 వలస చట్టం ప్రకారం వాళ్ళు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే ముందు అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి. ఏజెంట్లు మోసం చేస్తున్నారని 2016 నుంచి వీళ్ళని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అలాంటివే. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళిన తల్లుల కన్నీళ్ళ వల్ల వచ్చిన నియమాలివి. కానీ ఇవన్నీ పనికి వెళ్ళేవాళ్ళకి. సెలవులకి కుటుంబంతో విజిట్ వీసా మీద తీసుకెళ్తే, కాగితాల్లో మన అక్క టూరిస్టు. పొద్దున్నుంచి రాత్రిదాకా బాబుని మోసినా టూరిస్టే. అక్కడ గొడవ జరిగితే, ఆమె పని మీద వచ్చిందని చెప్పే చీటీ ముక్క కూడా ఉండదు. లండన్‌లో దిగిన ఆయా పరిస్థితి కూడా ఇదే కదా.

అందుకే చెరి సగం అన్న మా మొదటి మాట వెనక్కి తీసుకున్నాం. ఈ ప్రయాణం అక్క కోరుకున్నది కాదు, ఆ ఇంటి అవసరం. కాబట్టి పాస్‌పోర్ట్ ఫీజు, వీసా, టికెట్, ఆఫీసుకి తిరిగే బస్సు ఛార్జీ, ఆ రోజు కూలీ, అన్నీ వాళ్ళవే. పాస్‌పోర్ట్ తర్వాత కూడా పనికొస్తుంది కదా అంటారా? మామూలు ఫీజు 1,500 రూపాయలు. నెలనెలా పట్టుకుంటే అక్కకి అది అప్పు. ఆ అప్పు తీరేదాకా పని మానేసే స్వేచ్ఛ పోతుంది.

డబ్బు కట్టినంత మాత్రాన పుస్తకం వాళ్ళది అయిపోదు. 1967 పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి. ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ చేతిలో ఉండాలి. యజమాని బీరువాలో దానికి చోటు లేదు. బయలుదేరే ముందు తిరుగు టికెట్ కాపీ, వీసా కాపీ తమ్ముడి ఫోన్‌లో ఉండాలి. జీతం ఎంత, సెలవు రోజుల పనికి ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోవాలి.

అక్క ఈ మాటలన్నీ ఆ ఇంట్లో అడిగింది. రెండు మూడు రోజులు వాళ్ళు ముభావంగా ఉన్నారట. తర్వాత ఖర్చులన్నీ పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు. అది పెట్టేదాకా రానని అక్క చెప్పింది.

హ్యాక్నీలో ఆయాల హోమ్ ఉన్న ఇంటి గోడకి 2022లో స్మారక ఫలకం పెట్టారు. ఆ ఇంట్లో నెలల తరబడి ఎదురుచూసిన చాలామంది అసలు పేర్లు మనకి తెలీవు. మొన్న తమ్ముడు మాకు ఒక ఫోటో పంపాడు. నీలి రంగు పుస్తకం మొదటి పేజీ. అందులో అక్క పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు ఉన్నాయి. మన గూడెం పేరు పాస్‌పోర్ట్ మీద చూడటం మాకు అదే మొదటిసారి.

మీ ఇళ్ళలో ఇలా పనికి వెళ్ళిన అక్కలుంటే, చదవడం రాకపోయినా ఇది చదివి వినిపించండి.

జై ఆదివాసీ.