నీలం కనిపించని చోట

థియేటర్ చలికి మీ ముంజేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. బల్ల మీద అరవై దాటిన తల్లి. బాయి కాడ జారిపడి కుడి మణికట్టు విరిగింది, ప్లేటు వెయ్యాలి. ఏళ్ల తరబడి పొయ్యి పొగ పీల్చిన ఊపిరితిత్తులు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పూర్తి మత్తు వద్దు, చెయ్యి ఒక్కటే తిమ్మిరెక్కిద్దాం అనుకున్నారు డాక్టరమ్మ. మెడ పక్కన సూది వేస్తే ఊపిరి ఆడించే నరం కూడా మొద్దుబారొచ్చు. అందుకని చంకలో.

"బిడ్డా, కోస్తుంటే నాకు తెలుస్తదా?"

"నొప్పి తెల్వదమ్మా. ఎవరో తాకినట్టుంటది, అంతే. నాతోని మాట్లాడుకుంట ఉండు."

జెల్ చల్లగా తగలగానే ఆమె వేళ్లు ముడుచుకున్నాయి. అల్ట్రాసౌండ్ ప్రోబ్ పట్టింది పీజీ కుర్రాడు. అతని భుజం మీదుగా తెర చూడండి. అంతా ముసురు పట్టిన ఆకాశం. నడుమ ఒక నల్లటి గుండ్రం కొట్టుకుంటోంది, అది ధమని. మరి నరాలు? అతనూ వాటికోసమే వెతుకుతున్నాడు.

పక్కనే రెండో తెర. అదే బొమ్మ మీద కంప్యూటర్ రంగులు పూసింది: ధమని ఎరుపు, నరాలు పసుపు. నిపుణులు గుర్తులు పెట్టి ఇచ్చిన స్కాన్ బొమ్మలు చూసి చూసి నేర్చుకున్న ప్రోగ్రాం ఇది. ఈ కోవకే చెందిన, కార్డిఫ్‌లో పుట్టిన స్కాన్‌నావ్‌కి అమెరికా ఎఫ్‌డీఏ 2022లో అనుమతిచ్చింది. ఒకప్పుడు సూది నరానికి తగిలి చెయ్యి జివ్వుమంటేనే చోటు దొరికినట్టు లెక్క. ఎంతమంది ఉలిక్కిపడి ఉంటారో! జిల్లా ఆస్పత్రిలో ఒంటరిగా నెట్టుకొచ్చే మత్తు డాక్టరు దాకా ఈ రంగులు చేరాలని నాకు గట్టిగా ఉంది.

కుర్రాడి ముఖం విప్పారింది. సూదికి చెయ్యి చాచాడు.

"ఆగు. నీలం ఏది?" అన్నారు డాక్టరమ్మ.

తెర మీద నీలం లేదు.

"ప్రోబ్ తియ్యకు. బరువు తగ్గించు."

అప్పుడు చూశారు మీరు: అతని వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి, అంత గట్టిగా నొక్కుతున్నాడు. మెల్లగా సడలించాడు. ధమని పక్కనే, సరిగ్గా సూది వెళ్లాల్సిన దారిలో, ఒక నల్లటి చీలిక నిద్ర లేచిన కన్నులా విచ్చుకుంది. ఆ వెంటనే రెండో తెర మీద నీలం పడింది. సిర! నొక్కుడుకి అణిగిపోయి కంటికీ అందలేదు, కంప్యూటర్‌కీ అందలేదు. మందు అందులోకి పోతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పొచ్చు. ఆ భయంతోనే విరుగుడుగా 20 శాతం లిపిడ్ సీసా చేతికందే దూరంలో ఉంచారు.

సూది దారి మార్చారు. దాని మొన ఎక్కడుందో ఈ రంగులు చెప్పవు. బూడిద తెర మీదే, తళుక్కుమనే గీత చివర వెతుక్కోవాలి. సిరంజి వెనక్కి లాగారు. రక్తం లేదు. కొద్దికొద్దిగా మందు వదులుతుంటే నరం చుట్టూ నల్లటి నీరు పరుచుకుంటోంది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది కాస్త ఎడంగా, కండల మధ్య.

ఇరవై నిమిషాలకు స్పిరిట్ దూది ఆనించారు.

"సల్లగ ఉందా అమ్మా?"

"ఏం తెలుస్తలేదు బిడ్డా."

ఆమె ఎడమ చెయ్యి తెచ్చి కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే తడిమి చూసుకుంటోంది.