3.4 దామోదర్ లోయ: పారిశ్రామిక ప్రణాళిక - నేల కోత

బొగ్గు, నీరు ఉన్నచోట పరిశ్రమలు వెలుస్తాయి. అయితే ఆ నీరు ఎంతకాలం నిలుస్తుందనేది నేల మీద ఆధారపడి ఉంటుంది. దామోదర్ లోయ చరిత్రలో మీరు దీన్ని స్పష్టంగా చూడవచ్చు.

1943 వరదలో బర్ద్వాన్ ప్రాంతంలో రైలుమార్గం, గ్రాండ్ ట్రంక్ రోడ్డు తెగిపోయాయి. ఆ అనుభవం నుంచి వచ్చిన ప్రణాళిక ఫలితంగా 1948లో చట్టం ద్వారా దామోదర్ లోయ కార్పొరేషన్ ఏర్పడింది. వరద నివారణ, సాగునీరు, విద్యుత్తు దాని ప్రధాన లక్ష్యాలు.

ఇప్పుడు లోయలోని నేలలను గమనించండి. దిగువన ఉన్నవి ఒండ్రు నేలలు. అక్కడి ప్రమాదం ముంపు. ఎగువన ఛోటా నాగపూర్ పీఠభూమిలో ఎర్రనేలలు, లాటరైట్ నేలలు ఎక్కువ. మెరకల మీద ఈ నేలల లోతు, సేంద్రియ పదార్థం తక్కువ. అడవి నరికిన వాలు మీద వాన ముందు పై మట్టిని పొరగా తీసుకుపోతుంది, తరువాత వాగులుగా కోస్తుంది.

ఆ మట్టి మైథాన్ (1957), పంచెట్ (1959) జలాశయాలకు చేరింది. పూడిక పెరిగేకొద్దీ వరదను ఆపే సామర్థ్యం, కర్మాగారాలకు అందే నీరు రెండూ తగ్గుతాయి. అందుకే కార్పొరేషన్ హజారీబాగ్ కేంద్రంగా నేల పరిరక్షణ పనులు చేపట్టింది. అయినా పూడిక తొలి అంచనాలను మించింది. ఈ జలాశయాల కోసం ఊళ్లు వదిలినవారి త్యాగం ఎంతకాలం ఫలిస్తుందో కూడా ఈ పూడికే నిర్ణయిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పారిశ్రామిక స్థలాన్ని ఎంపిక చేసేటప్పుడు ఎగువ ప్రాంతపు నేలలను ఎందుకు పరిశీలించాలి?