గోడపలక
గుంటూరు వైపు కొత్త ఇళ్లలో స్నానాల గది గోడకు ‘వుడెన్ ప్యానెల్’ వేయించామంటున్నారు. చాలాచోట్ల అది కలప కాదు, చెక్క చారలు అచ్చొత్తిన పీవీసీ. ఆ గదికి అదే నయం. అసలు చెక్కయితే తడికి ఉబ్బుతుంది, వెనక రీపర్లు కొట్టి గాలి ఆడనివ్వాలి. నా పేచీ మాటతోనే. ప్యానెల్ పుట్టుకలో చెక్క లేదు. లాటిన్‌లో ‘పన్నుస్’ అంటే గుడ్డ. పాత ఫ్రెంచిలో ‘పానెల్’ గుడ్డముక్క, జీను కింద వేసే మెత్త. జ్యూరీ సభ్యుల పేర్లు రాసే తోలుకాగితానికీ ఆ పేరే పడింది; మన సంఘాల ఎన్నికల్లో పోటీపడే ప్యానెళ్లు, శాసనసభ ప్యానెల్ స్పీకర్లు ఆ దారినే వచ్చారు. పత్తి పండే నేలకు ఆ గుడ్డముక్క నచ్చవచ్చు గానీ, గోడకు బిగించే బల్లకు మనకు పలక ఉంది. సంస్కృత ఫలకానికి అది వికృతి. ఫలకమంటే బల్ల, డాలు కూడా. తమిళంలో పలగై, కన్నడంలో హలగె. మన దగ్గర పలక ఎంత విస్తరించిందో చూడండి: బడిపిల్లల రాతపలక, మెడలో వేసుకుని వాయించే డప్పు, ఎనిమిది పలకల స్తంభానికి ఒక్కో ముఖం. మార్కాపురం గనుల రాయి పలకలై ఊరూరి బడికీ చేరాక ఈ సీమలో పలకంటే రాయే గుర్తొస్తుంది, చెక్క వెనకబడింది. శంకుస్థాపనల శిలాఫలకం ఎప్పటినుంచో ఉంది. సోలార్ ప్యానెల్‌ను పత్రికలు సౌరఫలకం చేశాయి, జనానికి అర్థమైంది కూడా. మా ఇంటి పనికి వడ్రంగితో గోడపలకలు కావాలన్నాను. ఏ చెక్కతో అని మాత్రం అడిగి కొలతలు తీసుకున్నాడు.