జార్జియాలో మాయమైన రెండు కౌంటీలు: మన వాళ్లుండే ఆల్ఫరెట్టా ఒకప్పుడు జిల్లా కేంద్రమే!

అట్లాంటాలో ఉండే తెలుగువాళ్లని అడ్రస్ అడిగితే ఎక్కువగా వినిపించే పేర్లలో ఆల్ఫరెట్టా ఒకటి. ఇప్పుడది ఫుల్టన్ కౌంటీలో ఉంది. కానీ 1931 చివరి వరకూ అది మిల్టన్ అనే మరో కౌంటీకి కేంద్రం. ఆ కౌంటీ ఇప్పుడు మ్యాప్‌లో లేదు. మరి ఏమైంది?

కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా లాంటిది. కోర్టు, షెరీఫ్, ఆస్తి పన్ను అన్నీ దాని చేతిలోనే. జార్జియాలో ఇవి మరీ ఎక్కువ, ఏకంగా 159. ఇంతకంటే ఎక్కువున్నది టెక్సస్‌లోనే (254). పాత రాజకీయం కూడా దీనికి తోడైంది. అప్పట్లో ప్రైమరీ ఎన్నికల్లో కౌంటీల వారీగా ఓట్లు లెక్కేసేవారు. ఎంత చిన్న కౌంటీ అయినా రెండు యూనిట్ ఓట్లు ఖాయం. అలాంటప్పుడు కౌంటీని వదులుకోవాలని ఎవరికుంటుంది? 1924లో పీచ్ కౌంటీ పుట్టేసరికి లెక్క 161కి చేరింది.

అంతలోనే మహా మాంద్యం వచ్చిపడింది. పత్తి ధర పడిపోయింది, పన్నులు రాలేదు. 1857లో ఏర్పడిన మిల్టన్, 1828 నాటి క్యాంప్‌బెల్ కౌంటీలు అప్పుల్లో కూరుకుపోయాయి. 1932 జనవరి 1న రెండూ ఫుల్టన్‌లో కలిసిపోయాయి. మిల్టన్‌కీ ఫుల్టన్‌కీ మధ్య దారి కలవడానికి కాబ్ కౌంటీలోని రాస్‌వెల్‌ని కూడా ఫుల్టన్‌కి ఇచ్చేశారు. అందుకే ఫుల్టన్ ఆకారం నేటికీ నిలువుగా సాగదీసినట్టు ఉంటుంది. ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 70 మైళ్లు!

క్యాంప్‌బెల్ కథ ఇంకాస్త విచిత్రం. దాని మొదటి కేంద్రం క్యాంప్‌బెల్టన్, చట్టాహూచీ నది ఒడ్డున ఉండేది. రైలొస్తే గోల అని ఆ ఊరివాళ్లు వద్దన్నారట. పట్టాలు ఫెయిర్‌బర్న్ మీదుగా వెళ్లాయి. వాటి వెనకే జనం, ఆ తర్వాత కౌంటీ ఆఫీసూ వెళ్లిపోయాయి. ఫెయిర్‌బర్న్‌లో 1871 నాటి కోర్టు భవనం నేటికీ ఉంది. అది ఏలే కౌంటీ మాత్రం లేదు.

అసలు గొడవ ఇప్పుడుంది. అప్పుడు దివాలా తీసిన మిల్టన్ ప్రాంతం నేడు రాష్ట్రంలోనే బాగా డబ్బున్న వాటిలో ఒకటి. మా పన్నులు మాకే ఖర్చు కావట్లేదంటూ 2000ల నుంచి అక్కడి నేతలు పాత కౌంటీ తిరిగి కావాలంటున్నారు. ఉత్తరం విడిపోతే అట్లాంటాకి, నల్లజాతి వాళ్లు ఎక్కువగా ఉండే దక్షిణానికి ఆదాయం పడిపోతుందని అవతలి వాళ్ల వాదన. ఆస్పత్రి, రవాణా ఖర్చు ఎవరు భరించాలన్నదీ తేలలేదు.

అయితే పెద్ద చిక్కు ఇంకోటుంది. 159 కౌంటీలకి మించకూడదని జార్జియా రాజ్యాంగంలోనే రాసి ఉంది. 160వది రావాలంటే సవరణ తప్పదు. అసెంబ్లీ రెండు సభల్లో మూడింట రెండొంతుల మద్దతు, ఆపైన రాష్ట్రమంతా ఓటింగ్. ఇప్పటిదాకా జరిగిన ప్రయత్నాలేవీ అంత దూరం వెళ్లలేదు. మన తెలంగాణలో 10 జిల్లాలు 33, ఏపీలో 13 జిల్లాలు 2022లో 26 అయినంత తేలిక కాదక్కడ.

ఈలోగా అక్కడివాళ్లు వేరే దారి పట్టారు. కౌంటీ రాకపోతే సిటీ! 2006 డిసెంబర్‌లో జాన్స్ క్రీక్‌తో పాటు కొత్త నగరం ఒకటి ఏర్పడింది. దాని పేరు మిల్టన్.