తెలియని మరణము – తెలిసినట్టి మాటలు

పనిచేయు చోట మనుష్యుఁడు మరణించి, హేతువు తెలియకున్నచో, విచారణ ముగియకముందే లోకము తీర్పు చెప్పివైచును. ఒకరు హత్య యందురు. వేఱొకరు దయ్యము చేష్ట యందురు. ఈ యలవాటునకుఁ దగిన దృష్టాంతము స్కాట్లండు దేశచరిత్రమునఁ గలదు.

ఆ దేశమునకుఁ బడమటి సముద్రమున ఫ్లానన్ దీవులున్నవి. అందుఁ బెద్దదానియందు 1899 డిసెంబరులో దీపస్తంభము వెలిగింపఁబడెను. 1900 డిసెంబరు 15వ తేది రాత్రి ఆ దారిఁ బోయిన యొక యోడవారికి దీపము కానరాలేదు. 26వ తేదిని హెస్పరస్ అను నోడ చేరునప్పటికి కాపరులు జేమ్స్ డ్యూకట్, థామస్ మార్షల్, డొనాల్డ్ మెకార్థర్ మువ్వురును లేరు. పలకమీఁద 15వ తేది యుదయము 9 గంటల వ్రాఁతయే కడపటిది. వారి దేహములు దొరకనేలేదు.

దీపస్తంభముల పర్యవేక్షకుఁడగు రాబర్ట్ మ్యూర్‌హెడ్ దీవికిఁ బోయి పరిశీలించెను. పడమటి రేవున 110 అడుగుల యెత్తుననుంచిన త్రాళ్ల పెట్టె కొట్టుకొనిపోయినది, ఇనుపకమ్ములు విఱిగినవి, 200 అడుగులకుఁ బైనున్న గట్టుమీఁదఁ బచ్చిక పెల్లగిలినది. పెట్టెను భద్రపఱుపఁబోయిన మువ్వురను బెద్ద కెరట మీడ్చుకొనిపోయి యుండునని యాతఁడు 1901 జనవరిలో నివేదించెను. అదియు నూహయే, కాని కంటఁ జూచిన గుర్తులపై నిలిచిన యూహ.

లోకమున కది చాలలేదు. 1912లో విల్ఫ్రిడ్ గిబ్సన్ అను కవి ముట్టని భోజనమును, పడిపోయిన కుర్చీని తన పద్యమునఁ జేర్చెను. మొదట లోనికిఁ బోయిన జోసెఫ్ మూర్ అను కాపరి మాత్రము, వంటపాత్రలు శుభ్రముగా నుండెననియు, వారు భోజనానంతరమే వెడలియుందురనియు వ్రాసియుండెను. అయినను జనులు కవి మాటనే నమ్మిరి. మువ్వురిలో నొకఁడు మతిచెడి తక్కినవారిని జంపెనను కథయుఁ బుట్టెను. డ్యూకటునకు భార్యయు నలుగురు బిడ్డలును, మెకార్థరునకు భార్యయు నిద్దఱు బిడ్డలును గలరు. చనిపోయినవాఁడు బదులు చెప్పలేఁడు. ఆ నింద మోయవలసినది యాతని యిల్లు.

శంక కూడదని మేమనము. శంకకు సాక్ష్యము వలయునని మాత్రమే మా మనవి. హంతకునికై వెదకు కన్నునకుఁ బనిచోటి ప్రమాదము గానరాదు. కెరటములందుకొను తావునఁ బనిముట్లనేల యుంచిరి? దీపమారిన సంగతి విచారించుటకుఁ బదునొకండు దినము లేల పట్టెను? తరువాతి కాపరుల ప్రాణములు కాపాడునవి యీ ప్రశ్నలే. కథలు చెప్పుకొనువారు వీని నడుగలేదు. నేఁడు మన కర్మాగారములలోఁ గాని, గనులలోఁ గాని యిట్టి మరణము సంభవించినప్పుడు మనమైనను వీనిని మొదట నడుగుదుము గాక.