వెట్టి వేరు, సాయం వేరు

మన ఏజెన్సీ చరిత్రలో మనుషుల్ని పనికి పిలిచిన పద్ధతులు రెండు. ఒకటి ఊరి పద్ధతి. ఒకరు ఇల్లు కట్టుకుంటే గూడెమంతా చేయి వేస్తుంది. ఇంటివాళ్లు కడుపునిండా అన్నం పెడతారు. రేపు ఇంకొకరి ఇంటికి వాళ్లూ వెళ్తారు. రెండోది దొరల కాలపు సర్కారు పద్ధతి. నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన పెద్దలతో సరైన కూలి ఇవ్వకుండా బలవంతపు చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట మనవాళ్లు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడడానికి ఆ వెట్టి కూడా ఒక కారణం.

ఈ తేడా గోదావరి వరదల వేళ మనకు మళ్లీ అవసరపడుతోంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. గోదావరి పోటెత్తితే కూనవరం దగ్గర కలవాల్సిన శబరి వెనక్కి తన్నుతుంది. దారులు మునుగుతాయి. బయటి పడవ వచ్చేలోగా పక్కింటివాళ్లే దిక్కు.

అందుకే ఊరూరా వాలంటీర్లు కావాలి. 2016లో మొదలైన 'ఆపద మిత్ర' పథకం అలాంటివాళ్లకు శిక్షణ ఇస్తోంది. అయితే ఎవరో పేర్లు రాసుకుపోతే దళం తయారుకాదు. 1996 పెసా చట్టం మన గ్రామసభకు విలువ ఇచ్చింది. కనుక పేర్లు అక్కడే, అడిగి, ఒప్పించి తీసుకోవాలి. కాదన్నవాళ్లను బలవంతపెట్టకూడదు. పడవ నడిపేవాళ్లు, ఈత వచ్చినవాళ్లు, కోయ భాషలో హెచ్చరిక చెప్పగలవాళ్లు, గర్భిణుల, బాలింతల అవసరాలు తెలిసిన ఆడవాళ్లు అందులో ఉండాలి.

వానలు పడకముందే ఎవరి పని ఏమిటో తేల్చుకోవాలి. ముసలివాళ్లను ఎవరు మోస్తారు, పశువులను ఎవరు గట్టెక్కిస్తారు, నీటిమట్టం కబురు ఎవరు తెస్తారు? పనిలో ఉన్నవాళ్లకు తిండి, వంతులవారీగా విశ్రాంతి, బీమా ఉండాలి. పోయిన కూలికి ఊరో ప్రభుత్వమో జవాబు చెప్పాలి. వరద తీశాక అందరూ కూర్చుని లోటుపాట్లు మాట్లాడుకోవాలి.

ఉపాధ్యాయులు ఈ జాబితాను బడి గోడ మీద రాయించి, ఏటా జూన్‌లో పిల్లలతో చదివించవచ్చు. యువకులు, యువతులు తమ పేర్లు తామే ఇవ్వవచ్చు. ఇష్టపడి ఇచ్చిన చేతులకు తిండీ రక్షణా లేకపోతే, పేరు మారినా అది మళ్లీ వెట్టే. మన పెద్దలు తిరగబడింది కష్టపడాల్సి వచ్చినందుకు కాదు, తమను మనుషులుగా చూడనందుకు.