వాల్తేరు కంటే ముందు విజయనగరం

ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ గారు ఏ ఊరి మనిషి అన్నదాని మీద మూడు ఊళ్ళకు మాట పట్టింపు ఉంది. 1929 మార్చి 8న పుట్టింది మా దగ్గరే కదా అని బందరువాళ్ళు అంటారు. చదువు, పరిశోధన, ఉద్యోగం అన్నీ ఇక్కడే కదా అని విశాఖవాళ్ళు అంటారు. విజయనగరం మాట వచ్చేసరికి ఇద్దరూ ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు: తొంభై దాటిన వయసులో, రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయి, చేతికర్రల ఆసరాతో విశాఖ నుంచి అరవై కిలోమీటర్లు వచ్చి ఇక్కడి సెంచూరియన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారని. 2022లో పత్రికలన్నీ అదే రాశాయి. ఆ వార్తల్లో మా ఊరు ప్రయాణం ముగిసే చోటు, అంతకు మించి ఏమీ కాదు.

నా అభ్యంతరం అక్కడే. వయసు గురించి అంత రాసినవాళ్ళు ఆవిడ సైన్సు గురించి రెండు ముక్కలు రాసి, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆరా తీసి ఉంటే, నేరుగా మా మహారాజా కాలేజీ, అంటే ఎం.ఆర్. కాలేజీ మెట్ల దగ్గరికి వచ్చి ఉండేవారు.

ఆవిడ శాస్త్రం వర్ణపట శాస్త్రం, స్పెక్ట్రోస్కోపీ. మన వైపు ఆ శాస్త్రానికి మూలపురుషుడు కోచెర్లకోట రంగధామరావు గారనీ, ఆంధ్రా యూనివర్సిటీ భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టింది ఆయనేననీ ఎవరూ కాదనరు. కానీ విశాఖ నుంచి వచ్చిన రచనల్లో నేను చదివినంతవరకు, ఆయన కథ లండన్‌లో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర మొదలై విశాఖ వాల్తేరులో దిగుతుంది. మధ్యలో ఎక్కడా విజయనగరం లేదు. నేను ఒప్పుకోనిది దీన్నే.

1898లో బరంపురంలో పుట్టిన రంగధామరావు గారు చదువుకున్నది మా మహారాజా కాలేజీలో. అక్కడ ఆయనకు దొరికిన గురువు అప్పాద్వేదుల లక్ష్మీనారాయణ గారు. విదేశీ పత్రికల్లో ఎ.ఎల్. నారాయణ్ అన్న పేరుతో కనిపించేది ఈయనే. తర్వాత 1937లో కొడైకెనాల్ సౌర వేధశాలకు డైరెక్టర్ అయ్యారు. కోటకు కూతవేటు దూరంలో, సంగీతానికీ సంస్కృతానికీ పేరుపడ్డ ఊళ్ళో, ఈ గురుశిష్యులు లోహాలను ఆవిరి చేస్తూ కూర్చున్నారు.

ఆ పని ఇలా ఉంటుంది. లోహాన్ని గొట్టంలో పెట్టి ఆవిరయ్యేదాకా కాలుస్తారు. ఆ ఆవిరి గుండా తెల్లని కాంతిని పంపి, అవతల పట్టకంతో రంగులుగా విడదీసి, ఫొటో ప్లేటు మీద పట్టుకుంటారు. ఆవిరి మింగేసిన రంగుల చోట సన్నని గీతలు పడతాయి. సీసానికి ఒక వరస గీతలు, తగరానికి ఇంకో వరస. బిస్మత్ దగ్గరకొచ్చేసరికి గీతలు విడివిడిగా కాక, ఒకదాని పక్కన ఒకటి పట్టీలుగా వస్తాయి. పరమాణువులు జతకట్టి అణువులయ్యాయనడానికి అదే ఆనవాలు. ఈ బిస్మత్ ఆవిరి మీదే 1924లో లండన్ 'నేచర్' పత్రికలో ఇద్దరి పేర్లతో ఒక చిన్న లేఖ అచ్చయింది. చిరునామా విజయనగరం. మా ఊళ్ళో రాతి మీద చెక్కిన శాసనాలు చాలానే చూశాను. నాకు అన్నిటికన్నా విలువైన శాసనం ఆ ఒక్క అచ్చు పంక్తి.

దీనికి ఎదుటివాళ్ళు ఇచ్చే సమాధానం నాకు తెలుసు. నాలుగు పరిశోధన పత్రాలు అచ్చయితే ఒక సంప్రదాయం పుట్టినట్టు కాదు, దానికి ప్రయోగశాల కావాలి, పరికరాలు కావాలి, ఏటేటా వచ్చే విద్యార్థులు కావాలి, అవన్నీ వాల్తేరులోనే సమకూరాయి అంటారు. సమకూరిన మాట నిజమే. కానీ మొదలు ఎక్కడ అన్నది వేరే ప్రశ్న, దానికి తారీఖులే సాక్ష్యం. ఆంధ్రా యూనివర్సిటీ ఏర్పడింది 1926లో, అదీ బెజవాడలో. వాల్తేరు చేరింది 1930లో. 1924 నాటికి ఆ యూనివర్సిటీ కాగితం మీద కూడా లేదు. మా కాలేజీ అప్పటికి మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. రంగధామరావు గారు ఫౌలర్ దగ్గరికి వెళ్ళింది ఓనమాలు దిద్దడానికి కాదు, ఇక్కడ చేసిన పని చేతిలో పట్టుకుని వెళ్ళారు. పైగా 1979 జూన్ 1 దాకా విజయనగరమూ విశాఖ జిల్లాలోదే. తర్వాత గీసిన హద్దును పట్టుకుని ఉమ్మడి ఆస్తినంతా ఒకే ఊరి ఖాతాలో రాసుకోవడం న్యాయం కాదు.

శాంతమ్మ గారు ఆ పరంపరలోకి వచ్చిన తీరు చూడండి. అయిదు నెలల పసికందుగా ఉండగానే తండ్రి పోయారు, మేనమామ పెంచారు. విశాఖ ఏవీఎన్ కాలేజీలో ఇంటర్ చదువుతూ 1945లో భౌతికశాస్త్రంలో బంగారు పతకం అందుకున్నారు. ఇచ్చినవారు జయపురం మహారాజా విక్రమదేవవర్మ, ఆంధ్రా యూనివర్సిటీ సైన్సు కాలేజీకి తన పేరు పడేంతగా విరాళమిచ్చిన దాత. ఏవీఎన్ కాలేజీ బోర్డు మీద 'మిసెస్ ఏవీఎన్' అని ఉంటుంది. సొంత వేధశాలలో గ్రహణాలనూ గ్రహ సంచారాలనూ గమనించిన అంకితం వెంకట నరసింగరావు గారి పేరూ, ఆయన భార్య అచ్చయ్యమ్మ గారి దాతృత్వమూ రెండూ అందులో ఉన్నాయి. సి.వి. రామన్ చదివిన కాలేజీ అని దాని గురించి గొప్పగా చెబుతారు, చెప్పాల్సిందే. అదే రామన్ 1933లో బెంగుళూరు సైన్సు సంస్థలో పరిశోధన చేస్తానని వచ్చిన కమలా సోహోనీని ఆడపిల్ల అని చేర్చుకోవడానికి వెనకాడారు. పన్నెండేళ్ళకు ఆయన చదివిన కాలేజీలోనే ఒక ఆడపిల్ల ఫిజిక్సులో పతకం తెచ్చుకుంది. ఆ కాలేజీ గురించి రాసేవాళ్ళు రామన్ పేరు పక్కన ఈ పేరూ రాయాలి.

ఆ తర్వాత రంగధామరావు గారు నిలబెట్టిన ఆంధ్రా యూనివర్సిటీ విభాగంలోనే బీఎస్సీ ఆనర్స్. మైక్రోవేవ్ స్పెక్ట్రోస్కోపీలో డీఎస్సీ. 1956లో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్చరర్. నారాయణ్ గారు చూసింది కంటికి కనిపించే కాంతిని. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ కోసం తయారైన పరికరాలు శాస్త్రవేత్తల చేతికి వచ్చాక, కంటికి కనిపించని మైక్రోవేవ్ తరంగాలతోనూ అదే పని చేయడం కుదిరింది. వాయువులోని అణువు గిరగిర తిరుగుతూ ఏ తరంగాన్ని మింగుతుందో కొలిస్తే, అందులో పరమాణువుల మధ్య దూరం లెక్కకు వస్తుంది. పద్ధతి మారింది గానీ ప్రశ్న మారలేదు: ఈ పదార్థం దేన్ని మింగుతోంది? విజయనగరంలో గొట్టం కాల్చినప్పుడు అడిగిందీ అదే. 1989లో రిటైరయ్యాక కూడా ఆవిడ పాఠం మానలేదు. ఇల్లు వివేకానంద మెడికల్ ట్రస్టుకు ఇచ్చేసి అద్దె ఇంట్లో ఉంటూ, తెల్లవారుజామున నాలుగింటికే లేచి నోట్సు రాసుకుని, ఇక్కడి పిల్లలకు వైద్య భౌతికశాస్త్రం చెప్పారు.

2020లో మా ఊళ్ళోని పాత మూడు లాంతర్ల స్తంభాన్ని కూల్చినప్పుడు ఊరు ఊరంతా గొంతెత్తింది, నేనూ ఎత్తాను. అది కళ్ళ ముందు ఉండేది కాబట్టి పోతే తెలిసింది. లక్ష్మీనారాయణ గారికి మా వీధుల్లో స్తంభం లేదు, బొమ్మ లేదు. గురజాడ, ద్వారం, కోడి రామ్మూర్తి అని పేర్లు వరసగా చెప్పే మా ఊరి చరిత్రకారులు కూడా ఆయన దగ్గర ఆగరు. విశాఖవాళ్ళ మీద ఉన్నంత కోపం నాకు వీళ్ళ మీదా ఉంది. ఎం.ఆర్. కాలేజీ గోడ మీద ఒక రాయి పెట్టించండి. లక్ష్మీనారాయణ, రంగధామరావు, శాంతమ్మ అని మూడు పేర్లూ చెక్కించి, మొదటి పేరు కింద 1924 అని వేయించండి.